మన్నేటి ఒడ్డున బూడిద

నేను ఏడో తరగతిలో ఉండగా మా పొలంలో బోరు వైరు పోయింది. మాది కందుకూరు దగ్గర పల్లె. పొద్దున్నే నాయన వెళ్లి స్టార్టర్ నొక్కితే మోటారు పలకలేదు. చూస్తే పెట్టె నుంచి బోరు దాకా ఉండాల్సిన కేబుల్ లేదు, కోసిన కొసలు మాత్రం మిగిలాయి. ఆ వారంలోనే మా ఊళ్ళో ఆరుగురు రైతులకు అట్లాగే జరిగింది. మిరప పూత మీద ఉంది. కొత్త కేబుల్ కోసం అమ్మ కమ్మలు కుదువ పెట్టారు.

స్టేషన్లో కాగితం రాసిచ్చిన మూడో రోజు ఇద్దరు మనుషులు బైకు మీద వచ్చారు. యూనిఫాం లేదు. వాళ్ళలో పెద్దాయన హెడ్ కానిస్టేబుల్ అని తర్వాత తెలిసింది. ఊళ్ళో వాళ్లంతా చుట్టూ చేరి ఫలానా వాడి మీద అనుమానం అంటే ఫలానా వాడి మీద అని చెబుతుంటే ఆయన అన్నీ విన్నాడు, ఏమీ రాసుకోలేదు. కోసిన కొసను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నాయనను ఒక్కటే అడిగాడు.

"మన్నేట్లో ఇప్పుడు నీళ్లున్నయ్యా?"

"లేవు సార్, ఒట్టి ఇసకే."

ఆయన ఏటి వైపు నడిచాడు. వెనకాల పిల్లలం పరిగెత్తాం. తుమ్మచెట్ల చాటున ఇసకలో మూడు చోట్ల నల్లటి బూడిద కుప్పలున్నాయి. ఆయన గొంతుక్కూర్చొని పుల్లతో కెలికాడు. సగం కాలిన ప్లాస్టిక్ తొడుగు ముక్కలు బయటపడ్డాయి. ఒక ముక్క మీద కంపెనీ అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. అది నాయన కొన్న కేబులే. కాస్త అవతల ఆటో చక్రాల జాడ. "ఇక్కడ కాల్చి రాగి తీసుకుపోయారు. వాసన ఊళ్ళోకి రాకుండా గాలి వాటం చూసుకున్నారు. ఈ ఏరు తెలిసినవాడు ఒకడు వాళ్ళలో ఉన్నాడు" అన్నాడు. పది రోజులకు ముగ్గురు దొరికారు. మా కేబుల్ రాలేదు. చాలా కాలం తర్వాత కోర్టు నుంచి ఒక రాగి చుట్ట వచ్చింది.

మేము పుట్టినప్పటి నుంచి ఆడుకున్న ఏరు అది. ఆ మూడు కుప్పలనూ ముందురోజు నేను కూడా చూశాను. చలికి ఎవరో మంట వేసుకున్నారనుకొని దాటిపోయాను. ఆయన చూసిందీ నేను చూసిందీ ఒకటే కదా, ఆయనకు కనిపించింది నాకెందుకు కనిపించలేదు అనే ప్రశ్న నాతో ఉండిపోయింది. ఆ పని చేయాలనిపించింది. దాన్ని డిటెక్టివ్ పని అంటారని తర్వాత తెలిసింది. ఆ పేరుతో మన పోలీసు శాఖలో ఉద్యోగమే లేదని ఇంకా చాలా తర్వాత తెలిసింది.

ఇది చాలామంది పిల్లలకు తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కొన్ని దేశాల పోలీసుల్లో డిటెక్టివ్ అన్నది ఒక హోదా. మన దగ్గర కానిస్టేబుల్‌గానో, ఎస్ఐగానో, గ్రూప్-1 రాసి డీఎస్పీగానో, యూపీఎస్సీ రాసి ఐపీఎస్‌గానో శాఖలోకి రావాలి. వచ్చాక స్టేషన్లో క్రైమ్ పార్టీకో, జిల్లాలో సీసీఎస్ అనే క్రైమ్ స్టేషన్‌కో, రాష్ట్ర స్థాయిలో సీఐడీకో పంపిస్తే అప్పుడు దర్యాప్తు పని చేతికొస్తుంది. చట్టప్రకారం దర్యాప్తు అధికారి ఎస్ఐ, సీఐ లాంటి వాళ్లే. వాంగ్మూలాలు వాళ్లే నమోదు చేస్తారు, కేస్ డైరీ వాళ్లే రాస్తారు. కానీ వీధుల్లో తిరిగేది, జాడ పట్టేది, నాలుగు రోజుల కెమెరా ఫుటేజీ కూర్చొని చూసేది ఎక్కువగా మా బోటి కానిస్టేబుళ్ళు, హెడ్‌లు. మమ్మల్ని ఐడీ పార్టీ అంటారు.

డిగ్రీ అయ్యాక ఒంగోలులో ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. 2018 నవంబరులో రెండు నోటిఫికేషన్లూ కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. ఎస్ఐ, దాంతో సమానమైన పోస్టులు 334, అందులో సివిల్ ఎస్ఐ 150. కానిస్టేబుల్, వార్డర్, ఫైర్‌మన్ అన్నీ కలిపి 2,723, అందులో సివిల్ కానిస్టేబుల్ 1,600. రెండింటికీ కట్టాను. డిసెంబరు 16న ఎస్ఐ ప్రిలిమ్స్, జనవరి 6న కానిస్టేబుల్ ప్రిలిమ్స్. రెండూ గట్టెక్కాను.

చదువు కంటే నన్ను భయపెట్టింది టేపు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, నాది 168. ఛాతీ 86.3, గాలి పీలిస్తే మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. ఎత్తు మన చేతిలో లేదు గానీ ఛాతీ ఉంది. రోజూ తెల్లవారుజామున లేచి దండాలు తీసేవాణ్ని. పరుగు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. మొదటి రోజు నాకు పట్టింది ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు, ఆపైన వాంతి. కందుకూరు వెళ్ళినప్పుడల్లా కాలేజీ గ్రౌండులో చెప్పులు పక్కన పెట్టి పరిగెత్తేవాణ్ని. నాలుగు నెలలకు ఏడు నిమిషాల లోపుకు వచ్చింది. 1600 మీటర్లు తప్పనిసరి, 100 మీటర్లు 15 సెకన్లలోనైనా, లాంగ్ జంప్ 3.80 మీటర్లైనా ఏదో ఒకటి చాలు. నాకు లాంగ్ జంప్ రాలేదు. 100 మీటర్ల పరుగు కాపాడింది.

ఎస్ఐ చివరి పరీక్షలో పోయింది. కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. ఊళ్ళో కొందరు "డిగ్రీ చదివి కానిస్టేబులా" అన్నారు. అమ్మ మాత్రం మొక్కు తీర్చుకోవడానికి శనివారం మాలకొండ వెళ్ళింది. అక్కడ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. తొమ్మిది నెలల ట్రైనింగ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, పరేడు, చట్టం, మళ్ళీ పరేడు. చట్టం క్లాసులో ఒక్క విషయం మాత్రం నన్ను కట్టిపడేసింది. వేలిముద్రల వర్గీకరణ పద్ధతిని మన దేశంలోనే, కలకత్తాలో తయారు చేశారు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరోల్లో ఒకటి 1897లో అక్కడే పెట్టారు. హెన్రీ అనే అధికారి పేరుతో అది చెలామణి అయింది గానీ లెక్క కుదిర్చి పెట్టినవాళ్ళు ఆయన కింద పనిచేసిన ఇద్దరు మనవాళ్ళు, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ పేర్లు నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

పోస్టింగ్ వచ్చాక రెండేళ్ళు నేను అనుకున్న పని కాదు. సెంట్రీ డ్యూటీ, బందోబస్తు, సమన్లు అందజేయడం, తపాలు మోయడం, రాత్రి గస్తీ. పొగాకు వేలం సీజన్లో వేలం కేంద్రం దగ్గర, బ్యాంకుల దగ్గర నిలబడాలి. రైతులు డబ్బు తీసుకొని వస్తుంటే దారి మళ్ళించి సంచి కొట్టేసే ముఠాలు అప్పుడే దిగుతాయి. ఇప్పుడు ఆలోచిస్తే నేర్చుకున్నదంతా ఆ రెండేళ్ళలోనే. రాత్రి గస్తీలో ఏ ఇంటి ముందు ఏ బండి ఉంటుందో నాకు అలవాటైపోయింది. కొత్త బండి కనబడితే నంబరు రాసుకునేవాణ్ని. ఎవరూ రాయమని చెప్పలేదు. ఒకసారి రైల్వే గేటు దగ్గర వరుసగా మూడు రాత్రులు ఒకే బండి ఒకే చోట ఉంటే స్టేషన్ రికార్డులు రాసే రైటర్ అన్నకు చూపించాను. అది వేరే సబ్ డివిజన్లో పోయిన బండి. మరుసటి వారం ఎస్ఐ గారు నా నోట్‌బుక్ అడిగి తీసుకొని, తిరగేసి, "రేపట్నుంచి మఫ్టీలో రా" అన్నారు.

అట్లా ఐడీ పార్టీలోకి వచ్చాను. అక్కడ నన్ను తనతో తిప్పుకున్న హెడ్ సారుకు పాతికేళ్ళకు పైగా అనుభవం. ఆయన నేర్పిన మొదటి పాఠం ఏంటంటే ఘటన స్థలానికి వెళ్ళగానే నోరు మూసుకొని చేతులు జేబులో పెట్టుకోవాలి. వేలిముద్రలు, ఆనవాళ్ళు సేకరించే క్లూస్ టీమ్ వచ్చేదాకా తలుపు గడియ ముట్టుకోకూడదు. ఇంటివాళ్ళు అప్పటికే బీరువా సర్దేసి ఉంటారు, వాళ్ళను కోప్పడకూడదు. దొంగ ఎటు నుంచి వచ్చాడో కంటే ఎటు పోయాడో ముందు చూడాలి, ఎందుకంటే వచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉంటాడు, పోయేటప్పుడు ఉండడు.

రెండో పాఠం ఇంకా పెద్దది. ఈ ప్రాంతంలో దొంగతనం జరగ్గానే పాతకాలం వాళ్ళ నోటికి కొన్ని కులాల పేర్లు, బ్రిటిష్ కాలంలో ఆ కులాలను ఉంచిన పాత సెటిల్‌మెంట్ల పేర్లు వస్తాయి. బ్రిటిష్ వాళ్ళు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. 1952లో దాన్ని రద్దు చేశారు. మనుషుల తలల్లోంచి మాత్రం ఇంకా పోలేదు. నేను కూడా ఒకసారి "సార్, ముందు వాళ్ళ పేటకు పోదామా" అన్నాను. హెడ్ సారు బండి ఆపేశాడు. "అబ్బయ్యా, నీకు అక్కడ జాడ కనబడిందా, లేక నీకు ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు. కనబడలేదన్నాను. "అయితే మనం పోయేది జాడ ఉన్న చోటికి." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

2024 మొదట్లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ల కేసు గురించి చెప్పాలి. అది ఇంకా కోర్టులో ఉంది కాబట్టి ఊళ్ళ పేర్లు, మనుషుల వివరాలు వదిలేస్తున్నాను. రెండు మండలాల్లో నెల రోజుల్లో పదకొండు పొలం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి లోపలి తీగ చుట్టలు ఎత్తుకుపోయారు. ఊరికి ఒకటో రెండో పోతే సంఖ్య చిన్నదిగానే అనిపిస్తుంది. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని కింద ఉన్న మోటార్లన్నీ ఆగిపోతాయి. కొత్తది వచ్చేదాకా పైరు ఎండుతుంది. మేము వెళ్ళిన ఒక పొలంలో రైతు మాతో మాట్లాడలేదు. దిమ్మె కింద ఒలికిన నూనె మీద మట్టి చల్లుతూ కూర్చున్నాడు. నాకు నాయన గుర్తొచ్చాడు.

మొదటి ఐదు చోట్లా మాకు ఏమీ దొరకలేదు. వేలిముద్రలు నూనెలో కలిసిపోయాయి. ఆరో చోట నేను ఒక విషయం గమనించాను. అదే గట్టు మీద, యాభై గజాల దూరంలో ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాన్ని ముట్టుకోలేదు. తీరిగ్గా ఒకదాన్ని విప్పినవాడు పక్కదాన్ని ఎందుకు వదిలేశాడు? రాత్రి సమయం సరిపోలేదేమో అన్నారు అందరూ. నాకు సరిపోలేదు. లైన్‌మన్ అన్నను అడిగితే ఆయన తల గోక్కొని, "అది అల్యూమినియం చుట్ట సార్. పోయిందే రాగిది" అన్నాడు. మిగిలిన చోట్లకు మళ్ళీ తిరిగాం. పోయినవన్నీ రాగి చుట్టలున్నవే. వాటి పక్కనున్న అల్యూమినియంవి అట్లాగే ఉన్నాయి.

బయట నుంచి చూస్తే రెండూ ఒకటే పెట్టె. లోపల ఏముందో తెలియాలంటే దాన్ని ఎప్పుడో విప్పి ఉండాలి. పైగా బోల్టులు పగలగొట్టలేదు, స్పానర్‌తో విప్పారు. పైనున్న, కరెంటు ఆపే ఏబీ స్విచ్ పద్ధతిగా దించారు. అంటే కరెంటు పని తెలిసినవాడు, ఇవే ట్రాన్స్‌ఫార్మర్లు మరమ్మతుకు పోయినప్పుడు వాటిని చూసినవాడు. అప్పుడు మాకు వెతకాల్సింది దొంగల జాబితాలో కాదు, మరమ్మతు షెడ్లలో పనిచేసి మానేసిన వాళ్ళలో అని అర్థమైంది. హెడ్ సారు ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

ఆ తర్వాతిది ఒళ్ళు వంచి చేసిన పని. ఒక పెట్రోల్ బంకు కెమెరాలో తెల్లవారుజామున ఒక టాటా ఏస్ కనబడింది, నంబరులో చివరి రెండంకెలే తెలుస్తున్నాయి. ఇక్కడ కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఫుటేజీ చూడగానే ముందు దాన్ని రికార్డు చేసే పెట్టె, అంటే డీవీఆర్ గడియారం సరిగా ఉందో లేదో మీ ఫోనుతో పోల్చి రాసుకోండి. ఆ బంకులో గడియారం 17 నిమిషాలు ముందుకు నడుస్తోంది. దాన్ని రాసుకోకపోతే బండి అక్కడా ఇక్కడా ఒకేసారి ఉన్నట్టు లెక్క వస్తుంది, మన కేసు మనమే చెడగొట్టుకుంటాం. అసలు సమయం పట్టుకొని దారి పొడవునా ఇంకో మూడు కెమెరాలు వెతికాం. ఎస్ఐ గారు పై అధికారుల ద్వారా సెల్ టవర్ల వివరాలు తెప్పించారు. వేలకొద్దీ నంబర్లలో ఆ రాత్రుల్లో మూడు చోట్లా ఉన్న నంబరు ఒకటి తేలింది. అది ఒక షెడ్డులో ఏడాది క్రితం పని మానేసిన కుర్రాడిది.

విచారణ గదిలో ఏం జరుగుతుందని నన్ను చాలామంది అడుగుతారు. కొడితేనే నిజం వస్తుందని జనం నమ్ముతారు. ఆ నమ్మకం తప్పని అనుభవంతో చెబుతున్నాను. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు, ఆ సంగతి చట్టంలో బ్రిటిష్ కాలం నుంచే ఉంది. అతను చెప్పిన దాన్నిబట్టి కొత్తగా ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత మేరకే అతని మాట పనికొస్తుంది. కాబట్టి మనకు కావాల్సింది భయంతో చెప్పిన మాట కాదు, నిజంగా వస్తువు ఉన్న చోటు. డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పిన అరెస్టు నియమాలు మా స్టేషన్ గోడ మీద ఉన్నాయి. ఆ కుర్రాడికి భోజనం తెప్పించి, వాళ్ళ ఇంట్లో కబురు చెప్పి, బంకు ఫొటో, మరమ్మతు షెడ్డు రిజిస్టరు ముందు పెట్టాం. అతను చాలాసేపు ఆ రిజిస్టరులోని తన సంతకం వైపే చూశాడు. తర్వాత వాడకంలో లేని ఒక పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం గురించి చెప్పాడు. సాక్షులుగా ఉండే మధ్యవర్తులను తీసుకొని వెళ్ళాం. లోపల చీకట్లో, పాత కర్రల కింద, రాగి చుట్టలు గోనె సంచుల్లో ఉన్నాయి. దొంగతనం సెక్షన్‌తో పాటు విద్యుత్ చట్టం 2003లోని 136వ సెక్షన్ కూడా పెట్టారు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నాయనకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి అమ్మతో, "మన్నేటి దగ్గర బూడిద పట్టుకున్న సారు లాంటి పనే మనోడిది కూడా" అన్నాడు.

అంత సంతోషం తర్వాత ఏడాదికి ఇంకో కేసులో తీర్పు వచ్చింది. నేను ఐడీ పార్టీలోకి వచ్చిన కొత్తలో, 2023లో జరిగిన గొలుసు దొంగతనం. పొద్దున పాల కోసం వెళ్తున్న పెద్దావిడ మెడలో రెండున్నర సవర్ల గొలుసు తెంపుకుపోయారు. మెడ కోసుకుపోయి ఆసుపత్రిలో ఉంది. మేము పన్నెండు రోజులు తిరిగి పట్టుకున్నాం, గొలుసు దొరికింది. మధ్యవర్తుల ముందు వస్తువు స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితం, అంటే స్వాధీనం పంచనామా, ఎస్ఐ గారు చెబుతుంటే నేను రాశాను. స్వాధీనం చేసుకున్నది సాయంత్రం 5.30కి. నేను రాసింది 4.30. స్టేషన్లో రాకపోకలన్నీ రాసే జనరల్ డైరీలో మేము బయల్దేరింది 4.40 అని ఉంది. సంతకాలయ్యాయి, ఎవరం మళ్ళీ చదవలేదు.

ముద్దాయి వకీలు ఆ ఒక్క అంకె పట్టుకున్నాడు. స్టేషన్ నుంచి బయల్దేరక ముందే వస్తువు ఎట్లా దొరికింది, అంటే కాగితాలన్నీ స్టేషన్లో కూర్చొని రాసుకున్నవే కదా అని అడిగాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను బోనులో నిలబడి పొరపాటు అన్నాను. మధ్యవర్తుల్లో ఒకతను అప్పటికే నాకు గుర్తులేదని చెప్పేశాడు. నేరం అనుమానం లేకుండా రుజువు కాలేదని సంశయ లాభం కింద కేసు కొట్టేశారు.

బయట వరండాలో ఆ పెద్దావిడ కూర్చొని ఉంది. గొలుసు ఆమెకు ముందే చేరింది కాబట్టి ఆమెకు నష్టం లేదని నేను సర్దిచెప్పుకుంటున్నాను. ఆమె నన్ను పిలిచి, "నాయనా, వీడు కాదంట కదా. మరి నా మెడ కోసింది ఎవురు?" అని అడిగింది. ఆమెకు నిజంగానే తెలియాలి. అతనేనని నాకు తెలుసు, కోర్టు కాదంది, ఆ మధ్యలో ఉన్నది నా చేతిరాత. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. ఆటో ఎక్కించి పంపాను.

అప్పటి నుంచి ఏ పంచనామా రాసినా మొదట జనరల్ డైరీ నకలు పక్కన పెట్టుకుంటాను. రాశాక మధ్యవర్తులకు గట్టిగా చదివి వినిపిస్తాను, వాళ్ళకు విసుగొచ్చినా సరే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాక సోదా, స్వాధీనం జరుగుతుంటే మొత్తం వీడియో తీయాలి. ఆ వీడియో తీసే ఈ-సాక్ష్య యాప్‌లో సమయం, స్థలం వాటంతట అవే నమోదవుతాయి. ఏడేళ్ళు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్ళు స్థలానికి రావాలని కొత్త చట్టంలో పెట్టారు. పని పెరిగిందని మాలో కొందరు అంటారు. నాకైతే ఆ వీడియో 2023లో ఉండి ఉంటే అనిపిస్తుంది.

మధ్యలో 2022 నోటిఫికేషన్‌కు మళ్ళీ ఎస్ఐ రాశాను. 411 పోస్టులు, 2023 ఫిబ్రవరి 19న ప్రిలిమ్స్. ప్రిలిమ్స్ దాటాను, చివరి పరీక్షలో మళ్ళీ పోయింది. రాత్రి డ్యూటీ చేసి పగలు లెక్కలు చేయడం కష్టమే. ఇంకోసారి రాస్తాను. కేస్ డైరీ నా చేత్తో, నా బాధ్యతతో రాయాలని కోరిక.

మొహర్రం నెలలో నెల్లూరు రొట్టెల పండుగకు వేరే స్టేషన్ల నుంచి క్రైమ్ వాళ్ళను పిలుస్తారు. పోయినసారి మమ్మల్ని కూడా పిలిచారు. స్వర్ణాల చెరువులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటుంటారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె. 2018లో అమ్మ అక్కడే నా కోసం ఉద్యోగ రొట్టె తీసుకుంది. కోరిక తీరినవాళ్ళు తిరిగి వచ్చి రొట్టె ఇవ్వాలి, అమ్మ ఇచ్చి వచ్చింది కూడా. మేము మాత్రం ఆ జనంలో మామూలు బట్టల్లో నిలబడి కళ్ళు చూస్తాం. చెరువుకు వచ్చినవాడి కళ్ళు చెరువు వైపో, తన పిల్లల వైపో ఉంటాయి. జేబు దొంగ కళ్ళు నడుముల దగ్గర తిరుగుతుంటాయి. రెండో రోజు మధ్యాహ్నం అట్లా ఒకణ్ణి పర్సు చేతిలో ఉండగానే పట్టుకున్నాం. ఆ పర్సులో డబ్బు కంటే ఎక్కువ ఆసుపత్రి చీటీలున్నాయి. పోగొట్టుకున్నతను వాటిని లెక్కపెట్టుకొని కూర్చుండిపోయాడు.

ఈ మధ్య మా పిన్ని కొడుకు ఇంటర్ అయిపోయి నా దగ్గరికి వస్తున్నాడు. "అన్నా, డిటెక్టివ్ కావాలంటే ఏ పరీక్ష రాయాలి?" అని మొదలుపెట్టాడు. పైన రాసిందంతా చెప్పాను. సీబీఐలో ఎస్ఐ కావాలంటే డిగ్రీ చేసి ఎస్ఎస్‌సీ సీజీఎల్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష రాయాలని, సైన్సు ఇష్టమైతే ఫోరెన్సిక్ ల్యాబ్ దారి వేరే ఉందని కూడా చెప్పాను. వాడికి పోలీసే కావాలంట. అయితే సింగరాయకొండ నుంచి కందుకూరుకు బస్సులో వచ్చేటప్పుడు ఏం చూశావో రాసుకురా అన్నాను. మొదటి వారం నాలుగు లైన్లు రాశాడు, బస్సు, జనం, ఎండ, పొగాకు లారీ. రెండో వారం ఒక పేజీ. మూడో వారం రాసిన దాంట్లో, లారీ వెనక టార్పాలిన్ ఒక మూల కొత్త తాడుతో కట్టి ఉందని, మిగిలిన మూడు మూలలూ పాత తాడేనని ఉంది. ఎందుకో ఆలోచించావా అని అడిగితే, "లేదన్నా, కనబడింది రాశా" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. 1600 మీటర్లకు వాడికి ఇంకా ఎనిమిదిన్నర నిమిషాలు పడుతోంది. తెల్లవారుజామున ఐదింటికల్లా కాలేజీ గ్రౌండుకు రమ్మన్నాను.